ముందు స్కానింగే

మా బాబాయి మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోమని చెప్పేవాళ్ళ మీద అంతకంటే ఎక్కువ కోపం.

విదేశంలో వైద్యం చదివొచ్చి, ఇక్కడ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారికి మా పిన్ని ఇంట్లో ఉండి చదివాను. నరసాపురానికి గోదావరి అవతలి ఒడ్డున, నది దాటించే పంటు దిగి పది నిమిషాలు నడిస్తే వాళ్ళ ఊరు. ఆ పరీక్షలో రోగి పరిస్థితి నాలుగు ముక్కల్లో చెప్పి, ఇప్పుడు వెంటనే ఏం చేస్తావని అడుగుతారు. నాకు అన్నీ తెలుసు, ఏది ముందో తేల్చుకోలేక తడబడేదాన్ని. అందుకని పిన్నే రోగి అయ్యేది. అరుగు మీద లేసు అల్లుకుంటూ, నేను చదివిన కేసునల్లా నటించేది. గుండెనొప్పంటే రొమ్ము పట్టుకునేది, ఆయాసమంటే రొప్పేది. నేను పోయేలోపు చెప్పవే అని వేళాకోళమాడేది. పక్షవాతం కేసు ఎన్నిసార్లు చేశామో! నేను మందు అన్నప్పుడల్లా లేసు సూదితో నా మోకాలి మీద పొడిచేది.

"ముందు స్కానింగే మొద్దూ. తలలో నెత్తురు గడ్డ కట్టిందో, నరం చిట్లిందో చూడకుండా మందేంటి?"

ఏడో తరగతి చదివిన ఆవిడకు వచ్చేసింది, నాకు రాలేదు.

ఒకరోజు టిఫిన్లు అయ్యాక పిన్ని చేతిలోంచి సూది జారి పడింది. మూతి ఓ పక్కకు లాగింది. నేనింకా పుస్తకమే తెరవలేదు. చెప్పకుండానే మొదలెట్టేశావా అని నవ్వాను. నవ్వాను! తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కుడి చెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోయింది. అప్పుడు గడియారం చూశాను. ఎనిమిదింపావు.

వెంటనే పంటు దాటించి, స్కానింగు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలే గడువని చెప్పాను. బాబాయి ఆటో పిలిచాడు గానీ రేవుకు కాదు. పక్క ఊళ్ళో పావురాన్ని కోసి, ఆ వేడి నెత్తురుతో చెయ్యీ కాలూ రుద్దే ఆయన ఉన్నాడు. మా వైపు పక్షవాతమంటే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే. బాబాయి వాళ్ళ నాన్నకు అక్కడే నయమైందట.

"పావురం వద్దు బాబాయ్. ఆలస్యమైతే పిన్ని చెయ్యి ఇక రాదు," అన్నాను.

ఆయన గొంతు కూడా పెంచలేదు. "నువ్వింకా డాక్టరువి కాలేదు కదమ్మా," అన్నాడు.

ఆటోకి అడ్డంగా పడుకోవలసింది, వీధంతా పోగయ్యేలా అరవవలసింది. బుద్ధిలేనిదాన్ని, పిన్నిని పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. దారిలో పిన్ని నా వైపు తిరిగి, వంకరపోయిన మూతితోనే స్కానింగు అంది. ముద్దముద్దగా అన్నా నాకు వినిపించింది. బాబాయికీ వినిపించింది.

అక్కడ మాకంటే ముందొచ్చిన వాళ్ళు ఇద్దరున్నారు. మా వంతు వచ్చి, రుద్దడం అయ్యి, చెయ్యి కదలట్లేదని బాబాయికి నమ్మకం కుదిరేసరికి మధ్యాహ్నమైంది. పంటు దాటి ఆసుపత్రి చేరేసరికి రెండు దాటింది. అక్కడి డాక్టరు గారు ఎప్పుడు మొదలైందని అడిగారు. చెప్పాను. ఆయన పిన్ని చేతికంటిన నెత్తురు మరకలు చూసి, ఇంజెక్షను వేళ దాటిపోయిందన్నారు. ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరా అని కూడా అడిగారు.

పరీక్షలో అదే కేసు వచ్చింది. కుడి చెయ్యి పడిపోయిన ఆడమనిషి, మాట ముద్ద. ఆ ప్రశ్నకు ఒక్క క్షణం కూడా పట్టలేదు నాకు. పాసయ్యాను.

ఫలితాలొచ్చిన రోజు బాబాయి వీధంతా కాజాలు పంచాడు. మా డాక్టరమ్మ, మా డాక్టరమ్మ అని ఒకటే సంబరం. పిన్ని అరుగు మీద, కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళోకి తీసి పెట్టుకుని కూర్చుంది. బాబాయి నా పక్కన కూర్చుని, పిన్ని మళ్ళీ లేసు ఎప్పటికి అల్లుతుందని అడిగాడు.

"ఇంకెప్పటికీ అల్లలేదు బాబాయ్," అన్నాను.

ఆ మాట మాత్రం వెంటనే నమ్మాడు.