మూల దుకాణం లీజు

ఆఫీసులో ఆమెని అందరూ దశాంశం అక్క అనేవాళ్లు. చుక్క తర్వాతి అంకెలో తేడా వచ్చినా కాగితం వెనక్కి పంపేది గనక ఆ పేరు వచ్చింది. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమెకి మాత్రం తెలుసు, తెలియనట్టు ఊరుకునేది. పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య ఇంటి పై వాటాలో ఉండేది. చెప్పుల కంపెనీలో అకౌంట్స్ విభాగమంతా ఆమె చేతుల మీదే నడిచేది.

ఆ ఉద్యోగం వేయించింది అన్నయ్యే. ఆ కంపెనీకి బస్టాండు దగ్గర వీధి మలుపులో ఒక దుకాణం ఉంది. అందరూ మూల దుకాణం అంటారు. మీసాలు కూడా సరిగా రాని వయసులో అందులో చేరిన అన్నయ్య అక్కడే మేనేజరయ్యాడు. లోపలికొచ్చిన మనిషి పాదం వైపు ఒక్క చూపు చూసి సైజు చెప్పేసేవాడు. “ఎప్పుడైనా మనుషుల ముఖాలు చూస్తారా మీరు?” అని వదిన వేళాకోళం చేస్తే, “ముఖాలు మర్చిపోతానే, కాళ్లే గుర్తుంటాయి” అనేవాడు.

కంపెనీకి సొంత దుకాణం ఒక్కటీ లేదు, అన్నీ లీజుకి తీసుకున్నవే. ఇన్నాళ్లూ ఏ నెల అద్దె ఆ నెల ఖర్చులో రాసేవారు. ముందు ముందు కట్టాల్సిన అద్దెల సంగతి వార్షిక నివేదిక చివర సన్నటి అక్షరాల్లో ఒక పేరాగా ఉండేది. కొత్త నిబంధన వచ్చి దాన్ని ముందు పేజీలకు లాక్కొచ్చింది. లీజు ఎన్నేళ్లుంటే అన్నేళ్ల అద్దెనీ ఈనాటి విలువ కట్టి అప్పుగా చూపాలి. ఆ దుకాణాన్ని వాడుకునే హక్కును ఆస్తిగా చూపాలి. అక్కడితో అయిపోలేదు. గడువు తీరాక పొడిగించుకునే వీలుండి, కంపెనీ ఎలాగూ పొడిగిస్తుందనిపిస్తే ఆ ఏళ్ల అద్దె కూడా అప్పులో కలపాలి.

దశాంశం అక్కకి ఈ నిబంధన నచ్చింది. ఒకరికి మాటిచ్చి, ఆ మాటని చివరి పేజీలో దాచడం ఆమెకి మొదటినుంచీ గిట్టదు. ఒప్పందాలన్నీ ముందేసుకుని చదివింది. మూల దుకాణం దగ్గర ఆలోచించే పనే పడలేదు. ఎప్పుడు గడువు తీరినా పొడిగిస్తూ వచ్చినదే గదా. ‘పొడిగిస్తాం’ అని రాసి తర్వాతి దానికి వెళ్లింది.

మొత్తం చూసి డైరెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇంత అప్పు చూపిస్తే బ్యాంకు ఊరుకోదమ్మా. మన మొత్తం అప్పు ఇంత దాటకూడదని రుణమిచ్చినప్పుడే హద్దు పెట్టారు. ఇది ఆ హద్దు దాటిపోయింది.”

“కొత్తగా చేసిన అప్పు కాదు సార్. ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు కనిపిస్తోంది, అంతే.”

“ఆ కనిపించడంతోనే గదా వచ్చిన తంటా! చిన్న దుకాణాలకి ‘పొడిగించం’ అని రాసెయ్యండి. గడువు తీరినప్పుడు చూసుకుందాం. ఎవరడుగుతారు?”

అడిగే మనిషి మర్నాడే వచ్చింది. ఆడిటరు, గొంతు పెంచే అలవాటు లేని ఆవిడ. “ఇన్నేళ్లూ పొడిగిస్తూ వచ్చి ఇప్పుడు ‘పొడిగించం’ అంటే ఎలా నమ్మమంటారు? నిజంగానే వదిలేస్తుంటే బోర్డు నిర్ణయం చూపించండి. లేదంటే ఆ అప్పు కలపండి” అంది.

బ్యాంకుతో తగువు పెట్టుకోవడం కన్నా దుకాణాలు వదిలించుకోవడమే డైరెక్టర్‌కి తేలికనిపించింది. గడువు తీరగానే కొన్నింటిని మూసెయ్యాలని బోర్డు తీర్మానించింది. వాటిలో మూల దుకాణం ఉంది. ఆమె ఆ పేరు రెండుసార్లు చదివింది.

“నివేదిక బయటికొచ్చేదాకా ఈ మాట ఈ గది దాటకూడదు” అన్నాడు డైరెక్టర్, ప్రత్యేకంగా ఆమె వంకే చూస్తూ.

ఆ సాయంత్రం అన్నయ్య టీ గ్లాసులు పట్టుకుని హుషారుగా మెట్లెక్కి వచ్చాడు.

“సంచుల షోరూమ్ ఆయన మళ్లీ అడిగాడే. మేనేజరుగా వచ్చెయ్యమంటున్నాడు.”

“నువ్వేమన్నావ్?”

“రానన్నాను. ఇన్నాళ్లూ కాళ్లు పట్టుకు బతికినవాణ్ణి, ఇప్పుడు చేతిసంచులు పట్టుకోమంటే ఎలా?” అని తన మాటకి తనే నవ్వాడు.

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. “వెళ్లు అన్నయ్యా. ఫోన్ చేసి వస్తానని చెప్పు.”

“అదేంటి? ఎందుకూ?”

అన్నయ్య కాసేపు ఆమె ముఖంలోకే చూశాడు. నవ్వు ఆగిపోయింది.

“మా దుకాణమా?”

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

“సరే, చెప్పకు. నేనడగలేదు, నువ్వు చెప్పలేదు.”

“నీకు దణ్ణం పెడతాను, ఫోన్ చెయ్యి.”

“పిచ్చిదానా! ఈ సమయంలో నేను ఉన్నపళంగా మానేస్తే, ఉప్పందించింది ఎవరో మీ డైరెక్టర్‌కి తెలీదూ? నీ ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత ఏ కంపెనీ వాళ్లు నిన్ను లెక్కల దగ్గరికి రానిస్తారు?”

“పోతే పోనీ.”

“నేను పోనివ్వను. మీ వదిన దగ్గర కూడా ఈ మాట ఎత్తకు.”

నివేదిక వచ్చేదాకా అతను ఏమీ ఎరగనట్టే దుకాణానికి వెళ్లాడు. అద్దాలు తుడిపించాడు. కూర్చుని చెప్పులు వేసుకునే బెంచీకి కొత్త రెక్సిను కుట్టించాడు. “షోరూమ్ వాళ్లకి సరేననాల్సింది” అని భోజనాల దగ్గర వదిన సణిగితే, “మన మూల మనకు చాల్లే” అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా చెల్లెలు కంచం ముందునుంచి లేచిపోయేది. ఈలోగా షోరూమ్ ఆయన వేరే మనిషిని పెట్టుకున్నాడు.

‘కొన్ని విక్రయశాలల లీజులను పొడిగించే ఉద్దేశం కంపెనీకి లేదు.’ నివేదికలో ఆ సంగతంతా ఈ ఒక్క వాక్యం. ఆ వాక్యం రాసింది ఆమే. బ్యాంకు సరేనంది. డైరెక్టర్ అందరి ముందూ ఆమెని మెచ్చుకున్నాడు. ఆమె తల వంచుకుని ఫైళ్లు సర్దుకుంది.

దుకాణం మూసేనాడు సెలవు పెట్టి వెళ్లింది. లోపల అరలన్నీ బోసిగా ఉన్నాయి. అన్నయ్య ఒక ముసలాయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, వాచిన పాదానికి చెప్పు పట్టీ వదులు చేస్తున్నాడు. ఆయన్ని పంపించాక తనే షట్టర్ లాగాడు.

కంపెనీ అతన్ని గోదాముకి మార్చింది. అక్కడ పెట్టెలు దించడం, ఎక్కించడం తప్ప మరో పని లేదు. వచ్చేపోయే మనిషి లేడు. ఇంటికొచ్చాక మాటలు తగ్గిపోయాయి. నడుం పట్టేసిందనేవాడు, ఆయాసమనేవాడు, డాక్టర్ దగ్గరికి రేపు వెళ్దామనేవాడు. ఒక మధ్యాహ్నం పెట్టెల మధ్యే కూలబడిపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ వదిన ఒకటే చెప్పి ఏడ్చేది. “పిలిచి ఉద్యోగమిస్తామంటే కాదన్నాడు. మొండి మనిషి. నా మాట వింటేనా!”

చెల్లెలు కొన్నాళ్లు విని ఊరుకుంది. ఒక రోజు ఇద్దరే ఉన్నప్పుడు ఇక పట్టలేకపోయింది.

“అన్నయ్యది మొండితనం కాదు వదినా” అని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పేసింది.

వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింది. తిట్టలేదు. “నాతో కూడా అనలేదా!” అంది. ఆ మాట పోయినవాణ్ణి అందో, ఎదురుగా ఉన్న తనని అందో చెల్లెలికి తెలియలేదు.

ఆ తర్వాత వదిన మాట్లాడటం మానలేదు గానీ, పై వాటా మెట్లెక్కడం మానేసింది. ఏడాది తిరక్కుండానే చెల్లెలు ఆఫీసు దగ్గర ఒక గది చూసుకుంది. వెళ్లేరోజు వదిన సామాను సంచి ఒకటి తనే అందుకుని వీధి దాకా మోసుకొచ్చింది.

“వస్తూ ఉండు” అంది.

“అలాగే వదినా” అంది ఆమె.

ఆటో కదిలేదాకా వదిన వీధిలోనే నిలబడింది.