అరవై ఒకటో ఫారం

అమీర్‌పేట జిరాక్స్ షాపులవాళ్ళకు కాగితానికి ఎడమ మూల అనేది ఒకటుంటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. పిన్ను ఎప్పుడూ కుడి మూలనే కొడతారు. జావా నోట్సులు, ఒరాకిల్ నోట్సులు అలాగే కొట్టి సగం ఊరిని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను చేసినవాళ్ళతో, నా అరవై ఫారాల గురించి వాదించడం నాదే తప్పు.

దెయ్యాలను నేను నమ్మను. ఆ మాటకొస్తే, ఉత్తరం చేతికొచ్చేదాకా నాకు ఫెలోషిప్ వస్తుందని కూడా నమ్మలేదు. టీనేజీ పిల్లల మెదడు గురించి పూర్వం ఎవరేమనుకున్నారు, ఇప్పటి సైన్సు ఏమంటోంది అన్నది నా పరిశోధన. పూర్వం కొందరు డాక్టర్లు తలలు టేపుతో కొలిచి బుద్ధి ఎంతుందో చెప్పేసేవారు. ఇప్పటి సైన్సు కాస్త మర్యాదగా ఉంటుంది. ఆ వయసులో మెదడులోని గడియారం వెనక్కి జరుగుతుంది, రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది, తెల్లారి మెలకువ రాదు అంటుంది. అది బద్ధకం కాదన్నమాట. ఈ సంగతి మా నాన్నకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా తెలిసింది.

మైత్రీవనం వెనక సందులో ఒక ఇంటర్ కాలేజీ ఉండేది. పేరు చెప్పను. కింద క్లాసులు, పైన ఆడపిల్లల హాస్టల్. మొదటి సంవత్సరం సెక్షన్‌లో అరవై మంది. వాళ్ళు ఎంతసేపు నిద్రపోతున్నారో తెలుసుకోవడం నా పని. ఫారాల మీద ఒకటి నుంచి అరవై దాకా ఆకుపచ్చ సిరాతో నేనే నంబర్లు వేశాను. పట్టపగలు పదకొండింటికి నేనే పంచాను. పేరు అక్కర్లేదు, రోల్ నంబర్ చాలన్నాను.

నేను పంచడం పూర్తయ్యేసరికి లెక్చరర్ బోర్డు మీద జవాబులు రాయడం మొదలుపెట్టాడు. పడుకునేది: పది. లేచేది: ఆరు. నిద్ర: ఎనిమిది గంటలు.

"ఇది పరీక్ష కాదండీ," అన్నాను.

"కాకుంటే మాత్రం? పిల్లలు తప్పు రాస్తే ఎట్ల సార్?" అన్నాడు.

అరవై మందీ బోర్డు చూసి దించేశారు. బాగా చదివే పిల్లలు 'ఎనిమిది గంటలు' కింద స్కేలుతో గీత కూడా గీశారు.

ఫారాలు వెనక్కి తీసుకుని అక్కడే రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై. సంచిలో పెట్టుకుని పంజాగుట్టలోని నా గదికి నడిచే వెళ్ళాను, ఆ ట్రాఫిక్‌లో బస్సు కంటే నడిస్తేనే త్వరగా చేరతాం కాబట్టి. ఎక్కడా ఆగలేదు. కోపంలో టీ కూడా తాగలేదు. నా విషయంలో అది రికార్డు చేయదగ్గ సంగతి.

గదిలో లెక్కపెడితే అరవై ఒకటి.

అరవై ఒకటో ఫారానికి కూడా పిన్ను కుడి మూలనే ఉంది. నంబరు ఆకుపచ్చ సిరాలో, నా దస్తూరీలో ఉంది. అది నేను వేయలేదు. రోల్ నంబర్ 37. జవాబుల కింద ఎక్కడా స్కేలు గీతలు లేవు.

పడుకునేది: పన్నెండున్నరకు. లేచేది: నాలుగింటికి బెల్ కొడతారు. ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెబుతారు: వార్డెన్ మేడమ్‌కు చెప్పాను, వీక్లీ టెస్ట్ రాశాక చూద్దామన్నారు. ఈ మధ్య నిద్ర ఎలా ఉంది: ఇప్పుడు ఎవరూ లేపడం లేదు.

మర్నాడు కాలేజీ క్లర్కు హాజరు పట్టీ చూపించాడు. 36 తర్వాత 38. "గా నంబరు ఎవ్వలికీ ఇస్తలేం సార్," అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు ఇంకాస్త వివరంగా చెప్పారు. "ఏంటండీ ఇది? ఆ అమ్మాయి పోయినేడు జ్వరమొచ్చి చనిపోయింది. అదీ ఇంటికెళ్ళాక. మా హాస్టల్లో కాదు." చివరి మాట రెండుసార్లు అన్నారు. ఆ ఫారం ఇచ్చేయమన్నారు. నేనివ్వలేదు.

పిల్లలెవరో ఆట పట్టించారనుకుందామంటే, వాళ్ళంతా ఆ ఏడు జూన్‌లో చేరినవాళ్ళు. ఆ అమ్మాయిని చూసినవాళ్ళు కారు. పైగా ఆ ఫారం అచ్చయింది ఆ వారమే. షాపతను కొట్టింది అరవై కాపీలేనని బిల్లు కూడా ఉంది.

మా గైడ్ గారు శాంతంగా, "అరవై ఉంచు, ఆ ఒక్కటీ తీసెయ్," అన్నారు. అంటే అబద్ధాలన్నీ ఉంచి, ఉన్న ఒక్క నిజాన్నీ తీసేయాలి. నేను తీయలేదు. అరవై ఫారాలు బోర్డు చూసి రాసినవి, ఒకటి చూడకుండా రాసినది అని రిపోర్టులో రాశాను. నా పనిలో శాస్త్రీయత లోపించిందని ఫెలోషిప్ రెండో ఏడు పొడిగించలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అదెలా వచ్చిందో ఇన్నేళ్ళయినా చెప్పలేను.

చెప్పాల్సింది ఇంకొకటుంది. ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికొస్తుంటే గేటు దగ్గర హాస్టల్ ఆయా కూర్చుని ఉంది. అప్పట్లో ఆ అమ్మాయి నుదుటి మీద తడిగుడ్డ వేసింది ఆమేనని క్లర్కు చెప్పాడు. ఆమెకు చదువు రాదు. ఫారం మొత్తం చదివి వినిపించాను. దీన్ని తీసెయ్యను, ఎవరేమన్నా సరే రిపోర్టుతో పాటు పైవాళ్ళకు పంపిస్తానని కాస్త గొప్పగానే చెప్పాను.

ఆమె కాగితం వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"గిప్పుడు అడగొస్తిరా సార్? జెరంతోని పండినప్పుడు గా పిల్లను ఒక్కలు సుత అడగలే."