పగిలిన పల్లీలు

నిన్న మనవరాలు విరిచి ఇచ్చిన పీనట్ బటర్ బార్ ముక్క కొరికాను. మెత్తటి పల్లీల ముద్దలో కరకరలాడే గింజలు. కళ్లు మూసుకుంటే మా ఊరు గార్లలో, ఇంటి వసారాలో ఉన్నాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, విత్తనం పల్లికాయ వలిచే రోజులు. డెబ్బైల నాటి మాట. మా అవ్వ పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి, మధ్యలో కాయలు కుప్పపోసేది. వలిచినంతసేపూ పాడుతూనే ఉండాలి. ఎవరి పాట ఆగితే వాళ్ల నోట్లో పల్లి పడ్డట్టే.

ఆ ఏడు విత్తనం అసలే తక్కువ. అయినా నా పాట ఆగింది.

"ఏందే, పాట బందయింది? విత్తనం తింటే రేపు చెల్కల ఏం పెడ్తం?"

తల దించుకున్నాను. అవ్వ ఓ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. "పగిలినయి మొలవయి బిడ్డా. గవి మీకే."

పగిలినవి వేయించి, బెల్లం వేసి రోట్లో దంచి, జొన్న పేలాలు కలిపి ముద్దలు కడుతుందని మాకు తెలుసు. అచ్చం ఈ బార్ రుచే. కానీ వలుస్తుంటే ఎన్ని పగులుతాయి? మేం ఆరుగురం. మధ్యాహ్నం దాటినా గిన్నె అడుగు నిండలేదు.

అప్పుడు చూశాను. అవ్వ ఓ నిండు గింజను బొటనవేలితో పుటుక్కున రెండు బద్దలు చేసి గిన్నెలో వేసింది. తర్వాత ఇంకోటి. నేను చూడటం తనూ చూసింది.

"నన్నేం జూస్తవే? పాట అందుకో!"