నేను పట్టుకున్నాలే
మా తెనాలి మిల్లు హమాలీల్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరి వీపు మీదికి బస్తా ఎత్తినా "నేను పట్టుకున్నాలే, లెయ్ అబ్బాయ్" అనేవాడు.

ఎన్నికల్లో పోటీ చెయ్యాలా వద్దా అన్న తగాదాతో మా ఎర్రజెండా పార్టీ చీలింది. దాంతో మా యూనియనూ రెండయింది. అవతలి వాళ్ల బస్తాకి చెయ్యి వెయ్యకూడదని రెండు పక్కలా తీర్మానాలు చేసుకున్నాం. ఆయన అందరికీ ఎత్తుతూనే ఉన్నాడు.

"నువ్వెటో తేల్చుకో బాబాయ్," అని మీటింగులో నిలదీశాను.

"నడుం అందరిదీ ఒకటే గదరా," అన్నాడు.

ఆయన్ని వెళ్లగొట్టడంలో మాత్రం రెండు యూనియన్లూ ఒక్కటయ్యాయి.

మొన్న రేపల్లె స్టేషన్లో బియ్యం బస్తా ఎత్తుకోలేక అవస్థపడుతుంటే, వెనక నుంచి రెండు చేతులు సాయం పట్టాయి.

"నేను పట్టుకున్నాలే, లెయ్ అబ్బాయ్."

లేచాను. వీపున బరువుంది కదా అని, తల తిప్పకుండానే నడిచిపోయాను.