కుట్టుమిషను ఆగేదాకా

వీధిలో అందరూ ఆమెను కథలావిడ అంటారు. ఉద్యోగం పళ్ళడాక్టరు దగ్గర రోగుల పేర్లు పిలవడం. సాయంత్రం ఇంటికి రాగానే మొహం కడుక్కుని, రాసిన కాగితాలు పట్టుకుని, వదిన కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట వేసుకుని చదివి వినిపిస్తుంది. కథ బాగుందని గాని, బాగాలేదని గాని వదిన నోటివెంట రాదు. మిషను ఆగితే బాగున్నట్టు. ఆగకపోతే ఆ పేజీ మళ్ళీ రాయాల్సిందే. పత్రికలవాళ్ళు తిప్పి పంపినా అంతగా చిన్నబుచ్చుకోదు గాని, ఆ చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటే మాత్రం పెదవి కొరుక్కుంటుంది.

ఈమధ్య రాసిన కథొకటి పత్రికలనుంచి మూడోసారి తిరిగొచ్చింది. "ఇంక చాల్లేవే, కళ్ళు పోతాయి" అన్నాడు అన్నయ్య. ఆ మాట చెవిన పెట్టకుండా మొదటినుంచీ తిరగరాసి తెచ్చింది. రెండో పేజీలో మిషను టక్కున ఆగింది. ఆమె ఆశగా తలెత్తింది.

"దారం తెగింది. నువ్వు కానీ" అంది వదిన.

కథలావిడ ఉసూరుమంది. అయినా గొంతు సవరించుకుని, తల దించుకుని చివరిదాకా చదివేసింది. ఈసారి ఎక్కణ్ణుంచి కొట్టెయ్యాలా అనుకుంటూ కలం మూత తీసి వదినవైపు చూసింది. సూదిలో దారం ఎప్పుడో ఎక్కింది. వదిన పాదాలు మాత్రం ఇంకా నేలమీదే ఉన్నాయి.