రెక్కల తొండను చూసిన పెద్దమ్మ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, గార్లదిన్నెలో బడికి బయల్దేరుతుండగా అన్న ఫోన్ చేశాడు. "పాపా, అమ్మ పోయింది. లేసి మొగం కడుక్కొని, టీ తాగి, మంచం మీద ఒరిగింది. అంతే." అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. చేతిలోని అన్నం డబ్బా పొయ్యి గట్టు మీద పెట్టేసి కుందుర్పికి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఆ సిగ్గు ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా అమ్మకు అక్క ఆమె. బడి గడప తొక్కలేదు. నా చిన్నతనంలో వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో, పెదనాయనతో కలిసి పడమటి కొండల్లోని మలెనాడు కాఫీ తోటల్లో కూలికి పోయింది. తొమ్మిదేళ్లు అక్కడే ఉంది. తోట కంచె దాటితే అడవేనట. పెదనాయన జబ్బుచేసి పోయాక ఊరికి తిరిగొచ్చింది. తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఒక గొంగడి, నోటినిండా ఆ అడవి.

మా పక్క చెనిక్కాయలను, అంటే వేరుశనగను, విత్తనానికి చేత్తోనే ఒలిచేవాళ్లం. వానకు ముందు రోజుల్లో ఆడవాళ్లంతా పెద్దమ్మ పంచలో చేరేవాళ్లు. గోళ్లు అరిగేదాకా ఒలుపుడే. ఆకాశంలో మబ్బు తునక ఉండేది కాదు. ఆ ఎండలో కూర్చుని పెద్దమ్మ వాన గురించి చెప్పేది.

"నేను ఆడికి పోయిన రెండో దినమే మొదులైంది వాన. గబగబా బిందె, తపేలా, చెంబు, మీ పెదనాయన సద్దిగిన్నె, అన్నీ చూరు కింద పెడితి. నిండినాయి. గంగాళంలో పోసి మళ్లా పెడితి. తోట యజమానమ్మ చూసి ఒకటే నగడం. 'ఇది మూడు నెల్లు ఆగదమ్మా, ఎన్ని బిందెల్లో పడతావు?' అని. అయినా పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలా."

వినేవాళ్లెవరూ నవ్వేవాళ్లు కాదు. మాలో ఎవరైనా అదే పని చేసి ఉండేవాళ్లం.

ఆ అడవిలో మధ్యాహ్నం కూడా సందెవేళలా ఉంటుందట. చెట్టు మీద నాచు, నాచు మీద మొక్క, ఆ మొక్కకు పువ్వు. ఒక్కో చెట్టు ఒక్కో ఊరు అనేది. కొన చూద్దామని తలెత్తితే కొప్పు ఊడి వీపు మీద పడేదట. కాలు పెడితే జలగలు. అందుకని కొంగున ఉప్పు మూట కట్టుకోకుండా అడుగు కదిపేది కాదు. సింహం జూలు ఉన్న నల్లకోతులను అక్కడ సింగళీకాలంటారని చెప్పేది. కాళింగ సర్పం, అదే రాచనాగు, ఆకులు పోగేసి గూడు కట్టి, గుడ్ల దగ్గర కావలి కాస్తుందని చెబితే, మాకు ఎండలోనూ ఒళ్లు జలదరించేది.

అన్నిటికన్నా ఆమెకు ఇష్టం మంగట్టె పక్షి. పసుపు పూసినట్టున్న ఇంత పెద్ద ముక్కు. ఆడది చెట్టు తొర్రలోకి పోయి, ముక్కు పట్టేంత సందు వదిలి తలుపు మూసుకుంటుంది. పిల్లలు కాస్త పెరిగేదాకా మగదే పండ్లు తెచ్చి ఆ సందులోంచి పెడుతుంది. "మీ పెదనాయన జొరంతో పడుకున్నప్పుడు నేను తోటలోంచి దాన్నే చూస్తాంటి. ఒక్క పూట గూడా తప్పలా అది" అనేది. ఆ మాటయ్యాక మళ్లీ కాయలు చేతిలోకి తీసుకునేది.

ఒకసారి ఇంకో మాట అంది. ఇప్పటికీ నా క్లాసులో పిల్లలకు అదే చెబుతాను. "మనం ఒక వేపమొక్కను నిలబెట్టాలంటే మూడేండ్లు బిందెలు మొయ్యాల. ఆ అడివిని ఎవురు నాటినారు? ఎవురు నీళ్లు పోసినారు? మనిషి పుట్టకముందునుంచి ఉండాదంట. దానికి మనం అక్కరలేదు పాపా. అదే మనకు కావాల."

ఇక నా ఘనకార్యం. అప్పుడు నేను ఇంటర్ బైపీసీ. మా వీధిలో సైన్సు చదివే ఆడపిల్లను నేనొక్కదాన్నే, నా కాళ్లు అప్పట్లో భూమ్మీద లేవు. ఆ ఏడు పెద్దమ్మ ఎగిరే తొండ గురించి చెప్పింది. పోకచెట్టు మీద బెరడులా అంటుకుని ఉండి, ఉన్నట్టుండి పక్కలనుంచి పసుపు రెక్కలు విప్పి ఇంకో చెట్టు మీదికి తేలిపోయిందట.

ఎదురింటి అక్క పగలబడి నవ్వింది. "తొండ ముదిరితే ఊసరవెల్లి అయితాదని విన్యాము గానీ, మలెనాడు పోతే రెక్కలు గూడా మొలుస్తాయేమప్పా!"

పంచంతా నవ్వు. పెద్దమ్మ కూడా నవ్వింది. "నా కండ్లారా చూస్తినే" అంది.

"నువ్వు సదువుతాండావు గదా పాపా, నువ్వు చెప్పు. ఉంటాదా?" అని ఎదురింటి అక్క నన్నడిగింది.

"ఉండదు" అన్నాను. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. "తొండకు రెక్కలేంది? పెద్దమ్మ కోతలు కోస్తాంది. పాము గూడు కట్టేదీ, పక్షి తలుపు వేసుకునేదీ, అన్నీ కోతలే."

పెద్దమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "సరేలే పాపా. సదువుకున్నదానివి" అంది. ఆ తర్వాతి ఏడు కూడా పంచలో అందరూ చేరారు. పెద్దమ్మ తల వంచుకుని ఒలిచింది, నోరు విప్పలేదు.

అనంతపురంలో డిగ్రీ చేరిన మొదటి ఏడు, జువాలజీ ల్యాబులో సీసాల వరస చూస్తూ పోతున్నాను. ఒక సీసాలో తొండ. పక్కటెముకలు సాగి, వాటి మధ్య పలచని చర్మం, గొడుగు విప్పినట్టు రెండు వైపులా రెక్కలు. కింద చీటీ మీద డ్రాకో అని ఉంది. నా ముఖం మాడిపోయింది. ఆ ఆదివారమే ఊరికి పోయి, వంటింట్లో సంగటి గెలుకుతున్న పెద్దమ్మ పక్కన చేరి మెల్లగా చెప్పాను. "నువ్వు చూసింది నిజమే పెద్దమ్మా."

ఆమె గెలుకుతూనే ఉంది. "నిజమని నాకు తెల్దా? అబద్ధమని నలుగురిలో అంటివి, నిజమని నా చెవిలో చెప్తే ఎట్ల? యాడ అన్నావో ఆడ చెప్పు."

అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. వేడి సంగటి, చెనిక్కాయ చట్నీ పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది.

వచ్చే ఏడు చెబుదాంలే అనుకున్నాను. తీరా ఆ ఏడు ఒలిచే మిషన్ వచ్చింది. పంచలో ఆడవాళ్లు చేరడం ఆగిపోయింది. నాకది మంచి సాకు దొరికింది. పాతికేళ్లు ఆ సాకుతోనే బతికాను.

పెద్దమ్మకు మాత్రం నా మీద కోపం నిలవలేదు. నేను పోయినప్పుడల్లా అడవి సంగతులు నాకొక్కదానికే చెప్పేది. తొలివాన పడితే పొలం గట్టుకు లాక్కుపోయి ఆరుద్ర పురుగును అరచేతిలో పెట్టేది. ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలాంటి ఆ పురుగును చూసి నేను వాగబోతే, "నోరు మూసుకొని చూడు. నోరూ కన్నూ ఒగేసారి పని చెయ్యవు" అనేది. సైన్సు టీచరుగా నాకు పనికొచ్చిన పాఠం అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

ఇంకో అలవాటు ఉండేది ఆమెకు. మబ్బున్నా లేకున్నా, చూరు కింద బిందెలు వరసగా, మూతులు పైకి పెట్టి ఉంచేది. అందరూ ఎగతాళి చేసేవాళ్లు. "వాన వచ్చినాంక బిందె ఎతుక్కునేటోళ్లకు ఏం దొరుకుతాది?" అని వాళ్ల నోరు మూయించేది.

పెద్ద దినం నాడు అందరూ వచ్చారు. ఆ పంచలోనే భోజనాలు. పంచలో ఒలిచినవాళ్లలో మిగిలినవాళ్లు ఏడెనిమిది మంది, అందరూ ముసలివాళ్లే. విస్తళ్లు ఎత్తక ముందే లేచి నిలబడ్డాను.

"ఆ ఏడు ఈడ కూర్చొని నేను పెద్దమ్మను కోతలు కోస్తాందన్యాను. తప్పు నాది. రెక్కల తొండ ఉండాది. పాము గూడు కడతాది. మంగట్టె తలుపేసుకుంటాది. పెద్దమ్మ చెప్పిందంతా నిజం."

ఇప్పుడు చూపు మందగించిన ఎదురింటి అక్క, విస్తరి ముందు చేయి ఆరబెట్టుకుంటూ అంది. "నిజమో అబద్ధమో మాకెందుకే? ఆయమ్మ నోరు మూసుకున్న ఏడు పొద్దు పోక సచ్చిపోతిమి. అడిగింది నేను, అనింది నువ్వు. ఇద్దరమూ చేసినాము. చెప్పితివి గదా, ఇంగ ఏడవాకు."

నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

అక్క గోడ పట్టుకుని లేచి చేయి కడుక్కోవడానికి బయటికి పోయింది. ఇల్లు కడిగినప్పుడు ఎవరో పెద్దమ్మ బిందెలను చూరు కింద బోర్లించి పెట్టారు. ఆమె వాటి దగ్గర ఆగింది. ఆకాశంలో తెల్లగా ఎండ కాస్తోంది. మోకాలి మీద చేయి ఆనించి వంగి, మొదటి బిందెను తిప్పి మూతి పైకి పెట్టింది. ఆ తర్వాత రెండోది. తడుముకుంటూ మూడోదాని కోసం చేయి చాచింది.