ఎదురింటి మామ్మ పంపిన మనుషులు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. బొబ్బిలిలో మా పుట్టింటి వెనక పాడుబడ్డ గోదాములో ఏదో తిరుగుతుందని పిల్లలంతా హడలిపోతుంటే, అందులోకి వెళ్ళి చింతపండు బస్తాల మీద నిద్రపోయి వచ్చినదాన్ని నేను. ఇప్పుడూ నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే, జరిగింది నాకే కాబట్టి.

నేను రాజాం కోడలిగా వచ్చింది 2010 ప్రాంతంలో. మాది వ్యాపారస్తుల వీధి. రెండు బళ్ళు ఎదురుపడితే తిట్టుకోవాల్సినంత ఇరుకు. పొద్దున్న మగవాళ్ళు కొట్లు తెరవడానికి వెళ్తే మధ్యాహ్నం భోజనానికి గానీ రారు. అంతవరకూ వీధికి కాపలా మా ఎదురింటి చిట్టెమ్మ మామ్మ.

ఆ ఉద్యోగం ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే పుచ్చుకుంది. అరుగు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, కొత్త మొహం కనిపిస్తే చాలు, “ఎవలింటికి బాబూ? ఏటి పని?” అని ఆపేది. మంచినీళ్ళిచ్చేది. వాళ్ళు తాగి గ్లాసు దించేలోపు ఊరు, పేరు, వచ్చిన పని అన్నీ లాగేసేది. గ్యాస్ బండ తెచ్చేవాడికీ తప్పలేదు, మా ఆడపడుచును చూడ్డానికొచ్చిన పెళ్ళివారికీ తప్పలేదు. ఆ రోజు మా అత్తగారికి తల కొట్టేసినట్టయింది.

వీధిలో ఎవరు బయటికి వెళ్ళినా ఆవిడకు చెప్పే వెళ్ళేవాళ్ళు. “మామ్మా, ఇల్లు సూస్తుండు” అంటే, “ఎల్లిరా, నానున్నాను కదేటి” అనేది. ఆ మాటతో సగం మంది తాళం కూడా వేసేవారు కాదు. కోడళ్ళను పేరుతో కాక పుట్టిన ఊరితో పిలిచేది. నేను బొబ్బిలి పిల్లని. ఆ పిలుపు ఇంకెవరి నోటా వినలేదు.

నా పెళ్ళినాటికే మా అమ్మ లేదు. తన గుర్తుగా నాకు మిగిలినవి అమ్మ వేసుకున్న బంగారు గాజులే. అవి నాకు బాగా బిగుతు. నేను కడుపుతో ఉన్నప్పుడు చేతులు వాచిపోయి అవి ఒరుసుకుంటుంటే, మామ్మే నన్ను మా పెరట్లో కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బు రాసి, మెల్లగా ఒక్కొక్కటే తీసింది. నేను ఏడ్చాను. నొప్పికి కాదు, అమ్మ గుర్తొచ్చి.

“ఏడవకే బొబ్బిలి పిల్లా. నీ గాజులెక్కడికీ పోవు. నాను సూసుకుంతాను” అంది. కాన్పయి వాపు తగ్గాక అవి మళ్ళీ నా చేతులకెక్కాయి.

కొన్నేళ్ళకు ఓ వానాకాలంలో మామ్మ పోయింది. కార్యం అయ్యాక వాళ్ళబ్బాయి ఇంటికి తాళం పెట్టి, తన ఉద్యోగం ఉన్న నెల్లిమర్లకు వెళ్ళిపోయాడు. వీధి బోసిపోయింది. ఆవిడ ప్రశ్నలకు విసుక్కున్నవాళ్ళమే, అడిగేవాళ్ళు లేక దిగులుపడ్డాం.

ఆ రోజుల్లోనే పోలీసులు ఆటోకు మైకు కట్టి తిప్పేవారు. నగలకు మెరుగు పెడతామని వచ్చేవాళ్ళను ఇంట్లోకి రానివ్వొద్దని, వాళ్ళు ముంచే నీళ్ళలో బంగారం కరిగిపోతుందని చెప్పేవారు. నేను కూర తిప్పుకుంటూ విని, అంత తెలివితక్కువ వాళ్ళెవరుంటారులే అనుకునేదాన్ని.

ఓ రోజు పొద్దున్న, పన్లన్నీ అయ్యాక, నేనొక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. ఇద్దరు మనుషులు సంచి పట్టుకుని గ్రిల్ దగ్గరకొచ్చారు. నగలకు మెరుగు పెడతామన్నారు. అక్కర్లేదు వెళ్ళమనబోయాను.

“ఎదురింటి మామ్మగారు పంపించారండి” అన్నాడు పెద్దవాడు. “బొబ్బిలి పిల్లకి సెప్పండి, ఆల్లమ్మ గాజులు మాసిపోనాయి, మెరుగెట్టించుకోమనండి అన్నారు. బిగుతుగా ఉంతాయంట కదా, సబ్బు రాసుకుని తియ్యమన్నారు.”

మామ్మ పంపిందంటే ఇంక అడిగేదేముంది? ఆవిడ పేరు చెబితే మా వీధిలో ఏ తలుపైనా తెరుచుకునేది. ఎన్నేళ్ళ అలవాటో, చెయ్యి దానంతటదే గ్రిల్ గడియ తీసింది. వాళ్ళను వరండాలో కూర్చోమని పెరట్లోకి వెళ్ళాను.

కుళాయి తిప్పి చేతికి సబ్బు రాసుకున్నాను. మొదటి గాజు మణికట్టు మీద జారుతుంటే, నా చేతిని పట్టుకున్న మామ్మ చేతులు గుర్తొచ్చాయి. అప్పుడు తట్టింది, మామ్మ లేదు కదా అని.

చప్పుడు కాకుండా వరండా వైపు తలుపుకు లోపల గడియ పెట్టి, మా ఆయనకు ఫోన్ చేసి, డాబా ఎక్కి గొంతు చించుకుని దొంగలని అరిచాను. వాళ్ళు సంచి వదిలేసి పరిగెత్తారు. వీధి చివర కొట్లవాళ్ళు పట్టుకున్నారు. సంచిలో మంట పుట్టించే వాసన వేసే ఏదో ద్రావకం సీసా దొరికింది.

పోలీస్ స్టేషన్‌లో ఎస్సై గారు వాళ్ళను అడిగిన మొదటి ప్రశ్న, చచ్చిపోయినావిడ పేరెందుకు చెప్పార్రా అని.

“సచ్చిపోయిందని తెలిస్తే ఆ పేరెందుకు సెప్తాం సార్?” అన్నాడు పెద్దవాడు. “అరుగు మీద కూకుని ఆవిడే పిలిసింది. ఎవలింటికి, ఏటి పని అనడిగింది. మంచినీళ్ళిచ్చింది. ఆ ఇంటికెల్లి, నాను పంపించానని సెప్పండి అంది.”

ఎస్సై గారు నవ్వారు. మా ఆయనా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎవరో చెప్పి ఉంటారని మా ఆయన అంటారు. అయ్యుండొచ్చు. ఆవిడ నన్నేమని పిలిచేదో ఎవరైనా విని ఉండొచ్చు. మరి సబ్బు సంగతో? మామ్మ గాజులు తీసిన రోజు ఆ కుళాయి దగ్గర మేమిద్దరమే ఉన్నాం. వాళ్ళు సబ్బు అనకపోతే నేను పెరట్లోకి వెళ్ళేదాన్ని కాదు, అక్కడే నిలబడి ఎలాగోలా గాజులు లాగి ఇచ్చేసేదాన్ని. ఇంటికొచ్చాక ఎదురింటికి వెళ్ళి చూశాను. తలుపుకు తాళం ఉంది. అరుగు మీద దుమ్ము ఎక్కడిదక్కడే ఉంది. అంతకుమించి నాకేం తెలియదు, ఇవాళ్టికీ తెలియదు.

తర్వాత మా వీధిలో కెమెరాలు పెట్టారు. మంచిదే. కొత్తవాళ్ళొస్తే “ఎవరింటికి?” అని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. మా పిల్లలు నన్ను చూసి నవ్వుతారు.

ఊరెళ్ళేటప్పుడు మాత్రం పిల్లల్ని ముందు పంపించి, తాళం ఒకటికి రెండుసార్లు లాగి చూసి, ఎదురింటి అరుగు వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా చెప్పి వెళ్తాను. మామ్మా, ఇల్లు సూస్తుండు.